తెలుగు వచన చరిత్రలో ఉత్తరముల స్థానము

సాహిత్య చరిత్రలను వ్రాయువారు సాధారణముగా గ్రంథములను మాత్రమే లెక్కింతురు. కావ్యము, నాటకము, శతకము, వ్యాఖ్యానము అను వర్గములలో ఏదో యొకదానికి చెందని వ్రాత వారి దృష్టికి రాదు. ఈ అలవాటు వలన తెలుగు సాహిత్య చరిత్రలో ఒక పెద్ద వెలితి ఏర్పడినది. పద్యమునకు వేయేండ్ల చరిత్ర కలదనియు, వచనమునకు పందొమ్మిదవ శతాబ్దియే ఆరంభదశ యనియు ఒక అభిప్రాయము మన తరగతి గదులలో నాటుకొని యున్నది. గ్రంథస్థమైన వచనమును మాత్రమే చూచినచో ఈ అభిప్రాయములో కొంత నిజము లేకపోలేదు. కాని అంతకు పూర్వము తెలుగువారు వచనము వ్రాయకయే కాలము గడపిరా? అప్పు పుచ్చుకొన్నవాడు పద్యములో పత్రము వ్రాసి యీయలేదు. పండుగకు కూతురిని పంపుమని వియ్యంకునికి కబురంపిన తండ్రి సీసపద్యమును అల్లలేదు. శిస్తు తగ్గింపుమని కోరిన గ్రామస్థులు చంపకమాలలో విన్నవించుకొనలేదు. వీరందరును వచనమే వ్రాసిరి, లేదా వ్రాయించిరి. ఆ వచనమునకు ముఖ్యమైన ఆశ్రయము ఉత్తరము.

కావున తెలుగు వచనము గ్రంథములలో స్థిరపడుటకు చాలముందే ఉత్తరములలో బ్రదికి యుండెననియు, వచన చరిత్రను సమగ్రముగా వ్రాయదలచినవారు ఉత్తరములను సాక్ష్యములుగా స్వీకరింపక తప్పదనియు మా అభిప్రాయము. దీనిని కొన్ని ప్రసిద్ధములైన ఆధారములతో నిరూపించి, ఉత్తరములను పరిశోధనకు వినియోగించుకొనునప్పుడు పాటింపవలసిన జాగ్రత్తలను కూడ సూచించుట ఈ వ్యాసము ఉద్దేశము.

పదముల సాక్ష్యము

మొదట పేరులనే పరిశీలింతము. 'ఉత్తరము' అను సంస్కృత పదమునకు బదులు, సమాధానము అని అర్థము. తెలుగులో అది బదులు కాని వ్రాతకును పేరైనది. దానికి మరల బదులు వ్రాసినచో 'ప్రత్యుత్తరము' అనుచున్నాము. 'జాబు' అను మాట సంగతియు ఇట్టిదే. బదులు అను అర్థము గల అరబ్బీ పదము 'జవాబ్' మనకు రెండు రూపములలో వచ్చినది. 'జవాబు' పాత అర్థముననే నిలిచినది. 'జాబు' మాత్రము ఉత్తరమునకు పర్యాయపదమైనది. వేరువేరు భాషలనుండి, వేరువేరు కాలములలో వచ్చిన రెండు మాటలును తెలుగులో ఒకే దారిని నడచుట గమనింపదగినది. వ్రాసిన ప్రతి వ్రాతయు ఎవరో అడిగినదానికి సమాధానమే యను భావన ఇందు కనబడుచున్నది. ఉత్తరమునకు ఎదుట ఒక మనిషి ఉండును. ఆ మనిషిని ఉద్దేశించి మాటాడుటయే దాని స్వభావము. అందువలననే అది పలుకుబడికి దగ్గరగా నుండును.

'కమ్మ' అను మాట వ్రాతకు ఆధారమైన తాటాకును తెలుపును. 'చీటి' ఉత్తరాది భాషల నుండి వచ్చినది. ఉత్తరములను మోసికొనిపోవు ఏర్పాటును తెలుపు 'అంచె' అను పదమునకు మజిలీ మజిలీకి మనుషులను మార్చు పద్ధతియని అర్థము. నేడు మనము 'అంచెలంచెలుగా' అని వాడునపుడు ఆ పాత ఏర్పాటునే తెలియకయే స్మరించుచున్నాము. ప్రభువుల ఉత్తర ప్రత్యుత్తరములను వ్రాయు ఉద్యోగమునకు 'రాయసము' అని పేరు. శ్రీకృష్ణదేవరాయల కొలువులోని రాయసము కొండమరుసయ్య చరిత్ర ప్రసిద్ధుడు. ఆ ఉద్యోగనామము తెలుగుదేశములో ఇంటిపేరుగా నేటికిని నిలిచియున్నది. ఒక వృత్తి ఇంటిపేరుగా స్థిరపడవలెనన్నచో అది ఎంత వ్యాప్తమైనదై యుండవలెనో ఊహింపవచ్చును.

ప్రాచీన వాఙ్మయమున లేఖ

లేఖకు శాస్త్రము కల్పించినవారిలో కౌటిల్యుడు ప్రముఖుడు. అర్థశాస్త్రము రెండవ అధికరణములో రాజలేఖలను గూర్చి ప్రత్యేకముగా ఒక అధ్యాయము కలదు. సంధి విగ్రహములు రెండును లేఖ మీద ఆధారపడి యున్నవని అతని మతము. లేఖకుడు ఆచారములన్నియు తెలిసినవాడును, త్వరగా కూర్చగలవాడును, అందమైన అక్షరములు వ్రాయువాడును, ఇతరుల వ్రాతను చదువగలవాడును కావలెను. అర్థక్రమము, సంబంధము, పరిపూర్ణత, మాధుర్యము, ఔదార్యము, స్పష్టత అని లేఖకు ఆరు గుణములను కౌటిల్యుడు చెప్పెను. అకాంతి, వ్యాఘాతము, పునరుక్తము, అపశబ్దము, సంప్లవము అని ఐదు దోషములను కూడ లెక్కించెను. ఆలంకారికులు కావ్యమునకు గుణదోషములు నిర్ణయించినట్లే ఇతడు వచనమైన లేఖకు నిర్ణయించుట విశేషము. వచనమునకు ఒక శైలీశాస్త్రము అవసరమను గుర్తింపు కార్యాలయములో పుట్టినది.

నాటకకర్తలు లేఖలోని మరియొక శక్తిని గుర్తించిరి. కాళిదాసుని శకుంతల తామరాకుపై గోటితో తన మనస్సును వ్రాయును. ఊర్వశి భూర్జపత్రముపై వ్రాసి విడుచును. ఎదుట నిలిచి చెప్పలేని మాటను చెప్పుటకు ఆడుదానికి లభించిన ఉపాయముగా లేఖ అచ్చట కనబడును. విశాఖదత్తుని ముద్రారాక్షసములో లేఖ రాజ్యమునే తారుమారు చేయును. చాణక్యుడు కల్పించిన ఆ లేఖపై నున్న ముద్ర నిజముగా రాక్షసునిదే. అక్షరములు నిజముగా రాక్షసుని మిత్రుడైన శకటదాసునివే. మలయకేతువు శకటదాసుని వేరొక వ్రాతతో పోల్చి చూచి, ఇది నిజమని నమ్మును. ముద్రయు దస్తూరియు నిజమైనవే యైనను లేఖ మాత్రము కూటలేఖ. పరిశోధక విద్యార్థులకు ఈ ఘట్టముకంటె మంచి పాఠము వేరొకటి లేదు. దీనిని మరల ప్రస్తావింతుము.

తెలుగులో ఈ విషయమున ముఖ్యముగా పేర్కొనదగినది రాయవాచకము. విశ్వనాథ నాయకుని స్థానాపతి తన ప్రభువునకు నివేదించిన వృత్తాంతముగా ఈ గ్రంథము కూర్పబడినది. స్థానాపతి యనగా పరప్రభువుల కొలువులో నుండి వార్తలను వ్రాసి పంపు ప్రతినిధి. కృష్ణరాయల చరిత్రను చెప్పు ఈ వచనము వాడుక పలుకుబడికి మిక్కిలి దగ్గరగా నుండుట పండితులెల్లరకు తెలిసినదే. ఇది రాయల నాటిది కాదనియు, సుమారు 1600 ప్రాంతపుదనియు ఫిలిప్ వాగనర్ 1993లో ప్రకటించిన తన గ్రంథమున వాదించెను. ఆ వాదమును అంగీకరించినను మన ప్రతిపాదనకు బలమే చేకూరును. స్థానాపతి నివేదనమను రూపమును ఒక రచయిత తన గ్రంథమునకు ఎన్నుకొనవలెనన్నచో, ఆ రూపము నాటి పాఠకులకు బాగుగా పరిచితమై యుండవలెను. కావున గ్రంథముగా మిగిలినది ఒక్కటియే యైనను, దాని వెనుక నిలువక పోయిన నివేదనములు అనేకములు ఉండెనని ఊహించుట అసంగతము కాదు.

కమ్మలు ఎందుకు నిలువలేదు

ఇన్ని ఉత్తరములు వ్రాయబడి యుండగా పూర్వపు ఉత్తరములు మనకు ఎందుకు దొరకవు అని ప్రశ్నింపవచ్చును. దీనికి సమాధానము తాటాకు స్వభావములో నున్నది. మన దేశపు వేడికి, తేమకు, పురుగులకు తాటాకు కొన్ని శతాబ్దములకంటె ఎక్కువ తాళదు. కావ్యములు నిలిచినవనగా, తాటాకు నిలిచినదని కాదు; ప్రతి తరములోను ఎవరో ఒకరు గంటము పట్టి ప్రతి వ్రాసికొనిరని అర్థము. భారతమునకు ప్రతి వ్రాసినవానికి పుణ్యము కలదు. పొరుగూరి బంధువు పంపిన కమ్మకు ప్రతి వ్రాయుటలో పుణ్యము లేదు, పురుషార్థము లేదు. పని తీరిన పిదప అది పొయ్యిలోనికో, చూరులోనికో పోయెడిది. శాసనము రాతిమీదను రాగిమీదను చెక్కబడుట వలన నిలిచినది. కావ్యము ప్రతులవలన నిలిచినది. ఈ రెంటికిని నడుమనున్న నిత్యవ్యవహార వచనము నశించినది.

అందుచే మిగిలిన వ్రాతలను బట్టి భాషాచరిత్రను నిర్ణయించునపుడు ఒక మెలకువ అవసరము. మిగిలినది అధికముగా పద్యమగుటచేత, వ్రాయబడినదియు అధికముగా పద్యమే యని తలంపరాదు. పద్యమును కాపాడుటకు కారణముండెను. ఉత్తరమును కాపాడుటకు కారణము లేకుండెను. అంతియే భేదము.

కాశీయాత్ర చరిత్ర

ఉత్తరమును కాపాడుటకు కారణము దొరకినపుడు ఏమి జరుగునో ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర చూపుచున్నది. వీరాస్వామయ్య చెన్నపట్నపు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండెను. అతడు 1830 మే 18వ తేదీన సపరివారముగా బయలుదేరి, హైదరాబాదు, నాగపూరు మార్గమున కాశికి పోయి, గయ, కలకత్తాలను చూచి, తూర్పు తీరము వెంబడి 1831 సెప్టెంబరు 3వ తేదీకి చెన్నపట్నము చేరెను. దారిలో చూచిన సంగతులను ఎప్పటికప్పుడు వ్రాసి తన మిత్రుడైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లకు పంపుచుండెను. వీరాస్వామయ్య 1836లో గతించెను. శ్రీనివాసపిళ్ల ఆ వ్రాతలను కూర్చి 1838లో అచ్చువేయించెను. 1941లో దిగవల్లి వేంకట శివరావుగారు విపులమైన పరిష్కరణము ప్రకటించిరి.

ఈ గ్రంథము తెలుగులో తొలి యాత్రాచరిత్రలలో ముఖ్యమైనదని అందరును అందురు. అది ఎందుకు అట్టి వచనములో నున్నదని మాత్రము తరచుగా అడుగరు. వీరాస్వామయ్యకు గ్రంథకర్త కావలెనను కోరిక ముందుండిన, అతడు నాటి సంప్రదాయము ననుసరించి క్షేత్రమాహాత్మ్యమును పద్యములలో వ్రాయించి యుండెడివాడు. అతడు వ్రాసినది మిత్రునికి. ఏ ఊరిలో నీరు మంచిది, ఏ దారి బండ్లకు అనుకూలము, ఎచ్చట సరుకులు దొరకును, ఎవరి అధికారము నడచుచున్నది అను సంగతులు తెలిసికొనదలచిన మిత్రుడు ఎదుట నుండుటచేతనే ఆ వచనము అంత సూటిగా నడచినది. మిత్రుడు ఉత్తరములను దాచెను. అచ్చుయంత్రము అందుబాటులో నుండెను. ఈ రెండు కారణములును కలిసివచ్చుటచేత, నశించి పోవలసిన వచనము గ్రంథమైనది. వీరాస్వామయ్య కొత్త వచనమును సృష్టించెననుటకంటె, అప్పటికే ఉత్తరములలో నలిగిన వచనము అతని చేతిలో తొలిసారి గ్రంథరూపము ధరించెననుట సమంజసము.

బ్రౌను పాఠ్యగ్రంథము

ఈ వచనమును బుద్ధిపూర్వకముగా సేకరించినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను (1798–1884). కడప, మచిలీపట్నము, రాజమహేంద్రవరము మొదలగు చోట్ల ఉద్యోగము చేసిన బ్రౌనుకు ఒక సంగతి త్వరలోనే బోధపడెను. కంపెనీ ఉద్యోగులు తెలుగు నేర్చుకొన్నది మనుచరిత్రమును ఆస్వాదించుటకు కాదు. తమ ముందుకు వచ్చు అర్జీలను, గ్రామాధికారుల విన్నపములను, దస్తావేజులను చదువుటకు. ఆ వ్రాతల భాష వ్యాకరణములలో లేదు, కావ్యములలో లేదు. అందుచే 1851–52లో బ్రౌను 'తెలుగు రీడరు' అను పేర ఒక పాఠ్యగ్రంథము ప్రకటించెను. అది కథల సంపుటి కాదు. స్వంత విషయములకును, వ్యాపారమునకును, పోలీసు, రెవిన్యూ వ్యవహారములకును సంబంధించిన ఉత్తరముల సంపుటి. దానికి ఇంగ్లీషు అనువాదమును, వ్యాకరణ విశేషములను, చిన్న నిఘంటువును బ్రౌను జతపరచెను.

ఈ గ్రంథము వెలువడిన కాలమును గమనింపవలెను. పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో అదే చెన్నపట్నమున వెలువడినది. రెండేండ్ల వ్యవధిలో ఒకే నగరమున తెలుగు వచనమునకు రెండు ఆదర్శములు ఏర్పడినవి. ఒకటి కావ్యభాషా నియమములతో పండితుడు తీర్చిన వచనము. రెండవది ఊరూర జనులు వ్రాసికొన్న ఉత్తరములలోని వచనము. పాఠశాలలు మొదటిదానిని స్వీకరించినవి. రెండవది దొరలకు భాష నేర్పు పుస్తకముగా మిగిలిపోయినది. నీతిచంద్రిక గొప్పతనమును మేము కాదనుట లేదు. దాని శయ్య ఇప్పటికిని ఆదరణీయమే. కాని రెండవ ఆదర్శము తెలుగు పిల్లలకు చేరకపోవుట వలన, తరువాతి అర్ధశతాబ్ది పాటు వచనమనగా నేర్చుకొని వ్రాయవలసిన కఠినవిద్య యను భావము బలపడినది. ఇంటికి ఒక విధముగను బడికి ఒక విధముగను వ్రాయు అలవాటు విద్యావంతులలో ఏర్పడినది. గిడుగు రామమూర్తి (1863–1940) వ్యావహారిక భాషోద్యమమును నడపునపుడు శాసనములు, వ్యాఖ్యానములు, కైఫియత్తులు మున్నగువానిలోని వచనమును వెదకి చూపవలసి వచ్చుటకు మూలకారణము ఇదియే.

బ్రౌను తన పండితులతోను ఉద్యోగులతోను నడపిన ఉత్తర ప్రత్యుత్తరములను 1970 తరువాతి దశాబ్దమున బంగోరె యను పేర ప్రసిద్ధుడైన బండి గోపాలరెడ్డి శ్రమించి వెలికి తీసెను. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయము ఈ కృషికి ఆశ్రయమిచ్చినది. ప్రతుల సేకరణ ఎట్లు జరిగినది, పండితులకు జీతములు ఎట్లు అందినవి, పరిష్కరణములో ఎవరి పాలు ఎంత అను సంగతులు గ్రంథముల పీఠికలలో కంటె ఈ జాబులలోనే స్పష్టముగా తెలియును. సాహిత్య చరిత్రలో తెర వెనుకనున్న మనుషులను చూపునది ఉత్తరమే యనుటకు ఇది నిదర్శనము.

తపాలా కాలము

1854లో భారతదేశమున తపాలా చట్టము వచ్చి, దూరముతో నిమిత్తము లేకుండ పావుతులము బరువు గల ఉత్తరమునకు అర్ధణా రుసుము నిర్ణయింపబడెను. అంతకుముందు దూరమును బట్టి రుసుము పెరిగెడిది. 1879 జులై 1వ తేదీన కాలణా పోస్టుకార్డు వచ్చెను. 1880లో తపాలా శాఖ మనియార్డరును ఆరంభించెను. హైదరాబాదు సంస్థానమునకు ప్రత్యేక తపాలా శాఖ ఉండెను. 1869 నుండి అది తన బిళ్లలను తానే వెలువరించెను. ఆ బిళ్లలపై ఉర్దూ, ఇంగ్లీషు, మరాఠీ లిపులతోపాటు తెలుగు లిపియు కనబడును. 1950లో ఈ శాఖ భారత తపాలా శాఖలో విలీనమైనది.

ఈ మార్పులు కేవలము పరిపాలన సంబంధమైనవి కావు. పోస్టుకార్డు వలన సామాన్యునికి ఉత్తరము అందుబాటు లోనికి వచ్చెను. చోటు తక్కువ యగుటచేత మాట పొదుపు నేర్చుకొనవలసి వచ్చెను. రంగూనుకు కూలికి పోయినవాడు ఇంటికి పంపిన మనియార్డరు ఫారము అడుగున రెండు పంక్తులు వ్రాయుటకు చోటుండెడిది. అనేక కుటుంబములకు అదియే ఉత్తరము. చదువు రానివారికి తపాలా బంట్రోతు చదివి వినిపించుటయు, తపాలా కచేరి అరుగు మీద కూర్చుండి ఇతరుల ఉత్తరములు వ్రాసి పెట్టుట కొందరికి జీవనోపాధి యగుటయు మన పల్లెలలో పట్టణములలో సర్వసాధారణములై యుండెను. పరుల నోటి మాటను విని వ్రాసిన ఉత్తరము భాషాపరిశోధకునికి మరింత విలువైనది. అందు చెప్పినవాని మాండలికమును, వ్రాసినవాని మర్యాదభాషయు కలసి యుండును.

ఉత్తరముల సంప్రదాయమును పరిశీలించినచో సమాజము కన్నులకు కట్టును. 'మ.రా.రా.శ్రీ' అని గృహస్థునికి, 'బ్ర.శ్రీ.వే.' అని వైదికునికి, 'చి.ల.సౌ.' అని ముత్తైదువకు, 'గం.భా.స.' అని భర్త లేని స్త్రీకి మొదటి పంక్తిలోనే వ్రాసెడివారు. లోపలి విషయమును చదువకముందే చిరునామాను చూచిన తపాలా బంట్రోతుకు సయితము ఆ స్త్రీ సువాసినియో కాదో తెలిసిపోయెడిది. 'ఉభయకుశలోపరి' అను మాటతో క్షేమసమాచారమును ముగించి అసలు విషయమునకు దిగెడివారు. శుభవార్తకు నాలుగు మూలల పసుపు పూసెడివారు. అశుభవార్తను వెలుపలనే చదివి చించి పారవేసెడివారు. ఈ చివరి ఆచారము వలన కుటుంబ చరిత్రలకు కలిగిన నష్టము కొంచెము కాదు. పెండ్లి తేదీలు దొరకిన ఇండ్లలో సయితము మరణముల తేదీలు దొరకకుండుటకు ఇది యొక కారణము.

ఆధునిక సాహిత్యమున

ఇరువదవ శతాబ్దిలో ఉత్తరము సాహిత్య ప్రక్రియగా స్పష్టరూపము దాల్చినది. గురజాడ అప్పారావు 1910లో ప్రకటించిన 'దిద్దుబాటు' కథకు ఇరుసు ఒక ఉత్తరమే. దారి తప్పిన భర్త అర్ధరాత్రి ఇల్లు చేరునప్పటికి భార్య కనబడదు. ఆమె వ్రాసిన ఉత్తరము మాత్రము కనబడును. సంబోధన మారిన మాత్రమున అతని గుండె జారును. ఆమెకు చదువు చెప్పించిన ఘనత తనదని భర్త గర్వించుచుండెను. ఆ చదువే ఉత్తరమై అతనిని దిద్దినది. స్త్రీవిద్య ప్రయోజనమును గూర్చి ఉపన్యాసములు చెప్పలేని దానిని ఆ చిన్న కాగితము చెప్పినది.

కనుపర్తి వరలక్ష్మమ్మ 1929 నుండి గృహలక్ష్మి పత్రికలో 'శారద లేఖలు' వ్రాసెను. శారద తన స్నేహితురాలు కల్పలతకు వ్రాయు ఈ లేఖలలో బాల్యవివాహ నిషేధము మొదలుకొని ఖద్దరు వరకు నాటి ప్రశ్నలన్నియు చర్చకు వచ్చినవి. వ్యాసము వ్రాయుటకు పండితురాలు కావలెను. ఉత్తరము వ్రాయుటకు స్నేహితురాలైన చాలును. అందుచే ఎందరో స్త్రీలు వాదప్రతివాదముల లోనికి ఈ ద్వారముననే ప్రవేశింపగలిగిరి. సూరి నాగమ్మ 1945 నుండి తన సోదరునికి వ్రాసిన 'శ్రీ రమణాశ్రమ లేఖలు' మరియొక ఉదాహరణము. రమణ మహర్షి సన్నిధిలో ప్రతిదినము జరిగిన సంభాషణలను ఆమె ఇంటి తెలుగులో వ్రాసెను. వేదాంతమునకు సంస్కృత సమాసములు తప్పవను భ్రమను ఆ లేఖలు పోగొట్టినవి. చలము 'ప్రేమలేఖలు', చింతా దీక్షితులుకు వ్రాసిన ఉత్తరములు, గోపీచందు 'పోస్టు చేయని ఉత్తరాలు', తుమ్మపూడి సంజీవదేవ్ లేఖలు ఈ త్రోవలోనివే. వీనిలో కొన్ని నిజముగా పంపినవి, కొన్ని పంపుటకు ఉద్దేశింపనివి. ఆ భేదమును విద్యార్థులు విస్మరింపరాదు.

పరిశోధకుని బాధ్యత

ఉత్తరము సాక్ష్యమే కాని, ప్రతి సాక్ష్యమును ప్రశ్నింపవలెను. ముద్రారాక్షసములోని మలయకేతువు చేసిన తప్పు దస్తూరిని సరిచూచుట కాదు. దస్తూరితో విచారణ ముగిసినదని తలంచుట. ఎవరు వ్రాసిరి అను ప్రశ్నకు పిదప, ఎవరికి వ్రాసిరి, ఏమి ఆశించి వ్రాసిరి, ఏమి దాచిరి అను ప్రశ్నలను వేయవలెను. ఉపకారము కోరి వ్రాసిన ఉత్తరములోని పొగడ్తను విమర్శగా స్వీకరింపరాదు.

కాలనిర్ణయము రెండవ చిక్కు. పాత ఉత్తరములలో సంవత్సరనామము, మాసము, తిథి, వారము మాత్రమే కనబడును. వికృతి యన్నచో 1830–31 కావచ్చును, 1890–91 కావచ్చును, 1950–51 కావచ్చును. అరువదియేండ్ల కొకసారి అదే పేరు తిరిగి వచ్చును. అప్పుడు తిథివారములను స్వామికన్ను పిళ్ల పంచాంగ గణనముతో సరిచూచి, కాగితము, తపాలా ముద్ర, పేర్కొనిన వ్యక్తులు అను ఆధారములతో నిశ్చయింపవలెను. ఈ కారణముచేతనే కవరును పారవేసి కాగితమును మాత్రము దాచుట తగదు. తేదీ లేని ఉత్తరమునకు కవరుపైని ముద్రయే జాతకము.

మూడవది భాషను గూర్చినది. గురజాడ తన మిత్రుడు ఒంగోలు మునిసుబ్రహ్మణ్యమునకు వ్రాసిన ప్రసిద్ధమైన ఉత్తరములు ఇంగ్లీషులో నున్నవి. నాటి విద్యావంతులు పరస్పరము ఇంగ్లీషుననే వ్రాసికొనుట వాడుక. వాని తెలుగు అనువాదములను గురజాడ భావములకు ఆధారములుగా గ్రహింపవచ్చును. గురజాడ తెలుగు శైలికి మాత్రము ఆధారములుగా గ్రహింపరాదు. పరిశోధక పత్రములలో ఈ రెండును కలసిపోవుట అరుదు కాదు.

నాలుగవది పరిష్కరణము. అచ్చువేయునపుడు వర్ణక్రమమును 'సవరించుట' అను దురలవాటు కలదు. 'వచ్చినాడు', 'వచ్చాడు', 'వొచ్చాడు' అను రూపములలో వ్రాసినవాడు దేనిని వాడెనను విషయమే కొన్ని సందర్భములలో ఆ ఉత్తరమునకు గల ప్రధానమైన విలువ. దానిని సవరించినచో సాక్ష్యమును చెరిపినట్లే. ఉన్నది ఉన్నట్లు ముద్రించి, వివరణమును అధోజ్ఞాపికలో నీయవలెను. హక్కుల విషయమును కూడ మరువరాదు. కాగితము అందుకొన్నవారి సొత్తు. అందలి రచనపై హక్కు 1957 నాటి చట్టము ప్రకారము వ్రాసినవారిది, వారి తరువాత వారసులది. ఉభయుల అనుమతి పొందుట చట్టధర్మము మాత్రమే కాదు, మర్యాద కూడ.

నేటి స్థితిని గూర్చి ఒక మాట. మన దేశమున తంతి సేవ 2013 జులైలో నిలిచిపోయినది. స్వంత ఉత్తరములు చాలవరకు చరవాణి సందేశములైనవి. వీనిని తక్కువగా చూచుట మా అభిమతము కాదు. వాడుక వచనము నేడు వ్రాయబడుచున్నంత విరివిగా ఎన్నడును వ్రాయబడి యుండదు. గల్ఫు దేశములలోని కార్మికుడు కరీంనగరములోని ఇంటికి పంపు సందేశమును, నాడు రంగూను నుండి వచ్చిన మనియార్డరు చీటియు ఒకే వంశమునకు చెందినవి. కాని తాటాకు కమ్మకు పట్టిన గతియే వీనికిని పట్టుచున్నది. పరికరము మారినపుడు సందేశములన్నియు పోవుచున్నవి. మరల ఒక తరము వచనము ప్రతి వ్రాయువాడు లేక నశించుచున్నది.

కావున తెలుగు శాఖలు చేయదగిన పనులు రెండు కలవు. మొదటిది, ప్రతి శాఖయు ఒక లేఖా భాండారమును నెలకొల్పుట. ఇందుకు పెద్ద ధనము అక్కర లేదు. ఆమ్లము లేని కాగితపు సంచులు, ఒక బీరువా, ఛాయాప్రతులు తీయు సాధనము, ఓపిక గల ఒక వ్యక్తి చాలును. రెండవది, పరిశోధక విద్యార్థులు ఒక్కొక్కరు తమ ఇంటనో, తమ ఊరనో మిగిలియున్న ఉత్తరములలో కనీసము పదింటిని కవరులతో సహా నమోదు చేయుట. ప్రసిద్ధుల ఉత్తరములకే ప్రాధాన్యము ఈయనక్కర లేదు. కందుల ధరను, కోడలి కాన్పును, వాన రాకను గూర్చి వ్రాసిన కార్డుముక్క సయితము వచన చరిత్రకు పనికివచ్చును. ఇనుపపెట్టెల అడుగునను అటకలమీదను అట్టి కార్డులు ఇంకను ఉన్నవి. ఇండ్లు పడగొట్టి కట్టుకొనుచున్న ఈ కాలములో అవి ఎంతో కాలము ఉండవు.